‘కుటుంబం కోసమే బతికిండు’ అంటే ఏంది?

మగమనిషి పోయినప్పుడు మన దిక్కు చెప్పుకునే మాటలు నాలుగే. మంచోడు. తాగుడు లేదు, పేకాట లేదు. ఎవరి జోలికి పోయేటోడు కాదు. కుటుంబం కోసమే బతికిండు. గూడూరు సెంటర్‌లో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీల మీద ఫొటోలు మారుతుంటాయి గానీ మాటలు మారవు. పోయిన ఏడాది మా నాయిన దినాల నాడు కూడా వచ్చినవాళ్లందరూ ఇవే అన్నారు. ప్రేమతోనే అన్నారు, కాదనను. కానీ వినంగ వినంగ నాకు ఒక ఆలోచన మొదలైంది.

ముందు ఆ ‘లేదు’ల సంగతి చూడండి. తాగుడు లేదు, పేకాట లేదు, తిరుగుడు లేదు. లేనివన్నీ లెక్కపెట్టి మంచితనం తేల్చడం మగవాళ్ల విషయంలోనే చూస్తాం. ఒక ఆడమనిషి చనిపోతే “పాపం, ఆమెకు పేకాట అలవాటు లేదు” అని ఎవరైనా అంటారా? ఆమె ఏమేం చేసిందో చెప్తారు. ఎంతమందికి వండింది, ఎవరికి పురుడు పోసింది, అత్తకు ఎన్నేండ్లు సేవ చేసింది అని. మగవాడు చెడ్డపని చెయ్యకపోతే చాలు, సగం మార్కులు పడిపోతాయి. మా నాయినకు ఆ సగం మార్కులు ఇచ్చి ఊరుకుంటే నాకు బాధ. ఆయన నిజంగా చేసినవి ఉన్నాయి. అవి ఎవరూ చెప్పలేదు. ఇంకో మాట కూడా ఎవరూ చెప్పలేదు, అది మా అమ్మ గురించి.

నాయిన రైల్వేలో పనిచేశాడు. ఈ మాట చెప్పగానే బయటి ఊళ్లవాళ్లు “గూడూరా? జంక్షన్ కదా!” అంటారు. అది నెల్లూరు దిక్కు గూడూరు. మా గూడూరుకు రైలు పట్టానే లేదు. మేము రైలు ఎక్కాలంటే మానుకోటకో కేసముద్రానికో పోవాలి. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 అక్టోబర్ నుంచి మహబూబాబాద్ జిల్లా. భీమునిపాదం జలపాతం చూడటానికి వచ్చేవాళ్లకు తప్ప మా ఊరి పేరు పెద్దగా తెలియదు. ఇసొంటి ఊరి నుంచి నాయిన 1972లో కేసముద్రం దిక్కు పోయి రోజుకూలీగా కంకర ఎత్తే పనిలో చేరాడు. అప్పటికి దక్షిణ మధ్య రైల్వే పుట్టి ఆరేండ్లే. 1974 మేలో దేశమంతా రైల్వే సమ్మె జరిగినప్పుడు ఆయన ఇంకా పర్మనెంటు కాలేదు. ఆ ఇరవై రోజుల సంగతి అడిగితే “ఆకలి” అని ఒక్కమాట అనేవాడు, అంతకు మించి చెప్పేవాడు కాదు.

పర్మనెంటు అయ్యేసరికి 1980 వచ్చింది. గ్యాంగ్‌మన్. తర్వాత కీమేన్. ఆ పేర్లను రైల్వేవాళ్లు తర్వాత తర్వాత ట్రాక్‌మన్ అన్నారు, ట్రాక్ మెయింటెయినర్ అన్నారు. పేరు ఎంత పెరిగినా సుత్తె బరువు తగ్గలేదనేవాడు నాయిన.

కీమేన్ పని ఏమిటో మనలో చాలామందికి తెలియదు, అందుకే కొంచెం చెప్తాను. పొద్దున్నే సుత్తె, స్పానరు, ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకొని తనకు ఇచ్చిన బీటు పొడుగునా పట్టా వెంట నడవాలి. ఒక పట్టా చూసుకుంటూ పోవాలి, రెండో పట్టా చూసుకుంటూ రావాలి. ఊడిన కీ కొట్టాలి, వదులైన బోల్టు బిగించాలి. పట్టా ఎక్కడైనా చిట్లిందా అని కంటితో చూడాలి, సుత్తె దెబ్బ చప్పుడుతో వినాలి. ఎండాకాలం పట్టా సాగుతుంది, చలికాలం బిగుసుకుని పగులుతుంది. వానాకాలం మరీ కష్టం. రాత్రిపూట లాంతరు పట్టుకుని గస్తీ తిరగాలి. బీటు చివరికి పోయి అవతలి బీటు మనిషిని కలిసి ఇద్దరూ తమ దగ్గరున్న పుస్తకాలు మార్చుకోవాలి. ఆ పుస్తకం చేతిలో ఉంటేనే అక్కడిదాకా నడిచినట్టు లెక్క. పట్టా కోసుకుపోయిందని కనపడితే వచ్చే రైలుకు ఎదురు ఉరకాలి. 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక డిటొనేటర్ పెట్టాలి, 1200 మీటర్ల దగ్గర పది పది మీటర్ల ఎడంతో మూడు. ఇంజన్ చక్రం ఎక్కితే అవి పటాకుల్లా పేలుతాయి, డ్రైవర్ బ్రేకు వేస్తాడు. ఈ లెక్క నాకు రెండో ఎక్కం కంటే ముందే వచ్చు. నాయిన అన్నం తినుకుంట చెప్పేవాడు. వానలో, చీకట్లో, అటు ఉరికే మనిషి కాలు జారితే ఏమవుతుందో మాత్రం చెప్పేవాడు కాదు. అది అమ్మకు తెలుసు. వానరాత్రులు ఆమె నిద్రపోయేది కాదు.

ఇక్కడే నా మొదటి మాట. కుటుంబానికి అంకితమైన మనిషి అని నాయినను అంటే, ఆయన నిద్రకు అంకితమైన కుటుంబం ఒకటి ఉండేదని కూడా చెప్పాలి. రాత్రి గస్తీ చేసి వచ్చిన మనిషి పగలు పడుకోవాలి. క్వార్టర్ అంటే ఒక గది, ఒక వంటిల్లు. ముగ్గురు పిల్లలం. మా చిన్నతనం సగం గుసగుసల్లోనే గడిచింది. “నాయిన పండుకున్నడు” అన్న మాటతో మా ఆటలన్నీ ఆగిపోయేవి. అమ్మ గిన్నెలు తోమితే చప్పుడు కాకుండా తోమేది. పొయ్యి మీద పోపు వేస్తే ఘాటుకు ఆయన దగ్గుతాడని తలుపు మూసి తాను లోపల దగ్గేది. చుట్టాలు వస్తే చెట్టు కింద మంచం వేసి అక్కడే కూర్చోబెట్టేది. ఆయన సరిగ్గా నిద్రపోకపోతే రాత్రి పట్టా మీద తూలిపోతాడు. ఆ భయం ఆమెది. జీతపు కాగితం మీద ఆమె పేరు లేదు గానీ ఆ బీటు సగం ఆమె కూడా నడిచింది. మిరప ఏరే రోజుల్లో కూలికి పోయేది, గేదెను పెట్టుకుని పాలు అమ్మేది. గ్యాంగ్‌మన్ జీతంతో ముగ్గురి చదువులు అవుతాయా?

మా తమ్ముడు పుట్టినప్పుడు నాయిన లేడు. నాకు కామెర్లు వచ్చినప్పుడు లేడు. సమ్మక్క జాతరకు రెండేండ్లకొకసారి ఊరంతా మేడారం బండ్లు కట్టుకుపోతే మేము అమ్మతోనే పోయాం. రైల్వేవాళ్లకు పండుగే పెద్ద డ్యూటీ. ఇది ఆయన తప్పని అనడం లేదు. ఉద్యోగం అట్లాంటిది. కానీ ‘కుటుంబం కోసమే బతికిండు’ అన్న మాటలో ఇన్ని రోజులు ఇంట్లో ఎవరున్నారన్న సంగతి మాయమైపోతుంది చూశారా, దానికే నా అభ్యంతరం.

ఇప్పుడు నాయిన చేసినవి.

ఇంట్లో ఉన్న రోజు ఆయన నాకూ అక్కకూ తల దువ్వేవాడు. కొబ్బరినూనె రాసి, సుత్తె పట్టిన మొరటు చేతులతో రెండు జడలు వేసేవాడు. జడలు ఎప్పుడూ ఒకటి పైకి ఒకటి కిందికి ఉండేవి. బడిలో నవ్వేవాళ్లు. క్వార్టర్ల దగ్గర బావి మీద అమ్మ చీరలు ఉతుకుతుంటే తోటి గ్యాంగ్‌వాళ్లు “ఏందిర, ఆడోళ్ల పని చేస్తున్నవ్” అని పరాచికాలాడేవాళ్లు. “పట్టా కడిగిన చేతులే, చీర కడిగితే అరిగిపోతయా?” అనేవాడు. అంతే. దాని మీద ఉపన్యాసం ఏమీ లేదు. దినాల నాడు ఆ తోటివాళ్లలో ఇద్దరు ముసలివాళ్లు వచ్చారు. నాయిన మంచితనం గురించి చాలా చెప్పారు, చీరల సంగతి ఒక్కటి వదిలేసి. చనిపోయిన మనిషి పరువు తియ్యొద్దనుకున్నారేమో. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆయన చేసినవాటిలో అన్నిటికంటే పెద్దది మాత్రం ఒక రేకు పెట్టెలో ఉంది. దాని గురించి ఆడవాళ్లు చదివే చోట చెప్పకపోతే ఇంకెక్కడ చెప్తాను?

నాయిన 2008లో రిటైరయ్యాడు. పింఛను పుస్తకం వచ్చింది. అందులో అమ్మ పేరు ఒక తీరు ఉంది, ఓటరు కార్డులో ఒక తీరు, తర్వాత వచ్చిన ఆధార్‌లో ఇంకో తీరు. పుట్టిన తేదీ గడి ఖాళీ. మా అమ్మ పుట్టిన తేదీ ఎవరికి తెలుసు? పెద్ద వాన కొట్టిన ఏడు అని మా అమ్మమ్మ చెప్పేది. ఆధార్‌లో జనవరి 1 అని వేశారు. మా ఊళ్లో ఆ వయసు ఆడవాళ్లు సగం మంది జనవరి 1నే పుట్టారు, ఒకేసారి కేకు కోయొచ్చు. నాయిన ఏడో తరగతి దాకా చదివిన మనిషి. ఆయన ఈ మూడు పేర్లను ఒకటి చేయడానికి, ఆ ఖాళీ గడి నింపించడానికి రెండేండ్లు తిరిగాడు. పొద్దున బండెక్కితే రాత్రికి వచ్చేవాడు. పోయిన ప్రతిసారీ అమ్మను వెంట తీసుకుపోయేవాడు. “నేనెందుకయ్యా, నాకేం తెలుస్తది” అని ఆమె అంటే “నేను లేనప్పుడు వచ్చేది నువ్వే గదా, తొవ్వ చూసుకో” అనేవాడు. ఆమెకు అది అపశకునం మాట. బస్సులో ముఖం తిప్పుకుని కూర్చునేది.

బ్యాంకు ఖాతాలో అమ్మ పేరు కలిపించాడు. పింఛను ఖాతా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండొచ్చు, ఆయన పోయినా ఆమె అదే ఖాతాలో తీసుకోవచ్చు. చాలామంది ఇప్పటికీ ఒక్కడి పేరు మీదే ఉంచుతారు. అమ్మకు సంతకం నేర్పాడు. మూడు అక్షరాలు, నెల రోజులు పట్టింది. వేలిముద్ర సరిపోతుంది కదా నాయినా అని నేను అంటే “వేలిముద్ర ఎవడన్న పట్టి ఏపిచ్చుకుంటడు బిడ్డా, సంతకం ఆమె పెడితెనే పడ్తది” అన్నాడు. బీఏ తెలుగు చదివిన నాకు ఆ మాట తట్టలేదు.

ఇవన్నీ ఎందుకు ముఖ్యమో లెక్కల్లో చెప్తాను. ప్రభుత్వ పింఛను చివరి జీతంలో సగం. భర్త పోయాక భార్యకు వచ్చే కుటుంబ పింఛను ఆ జీతంలో 30 శాతం. మొదటి ఏడేండ్లు సగం ఇస్తారు గానీ, పోయిన మనిషికి 67 ఏండ్లు నిండే వయసు దాటితే ఆ వెసులుబాటు లేదు. మా నాయిన 77వ ఏట పోయాడు కాబట్టి అమ్మకు నేరుగా 30 శాతమే. అంటే ఇంటికి వచ్చే ప్రతి వంద రూపాయల్లో నలభై పోయినట్టు. ఇద్దరున్న ఇంట్లో ఒకరు పోతే ఖర్చులో నలభై తగ్గుతుందా? కరెంటు బిల్లు తగ్గదు, ఇంటి పన్ను తగ్గదు. బీపీ మాత్రలు ఆమెవి ఆమెకు కావాల్సిందే. ఈ లెక్క వేసినవాళ్లు ఒంటరి ఆడమనిషి ఇల్లు ఎప్పుడైనా నడిపి చూశారా అని నా అనుమానం. 80 నిండితే పింఛను మీద ఇంకో 20 శాతం కలుస్తుంది, 85కు 30, అట్లా పెరుగుతూ వందేండ్లకు రెట్టింపు. అయితే ఆమెకు 80 నిండాయని ఆ పుస్తకం చెప్పాలి. పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంటే ఎవరు చెప్తారు? నాయిన రెండేండ్లు తిరిగింది ఆ గడి కోసం.

మా వీధిలోనే ఇంకొకామె ఉంది. ఆమె భర్తకూ సర్కారు కొలువే, ఆయనా మంచివాడే. తాగుడు లేదు, పేకాట లేదు. జీతం తెచ్చి భార్య చేతిలో పెట్టేవాడు. ఆయన దినాల నాడూ ఇవే మాటలు అన్నారు. కానీ కాగితాల్లో ఆమె పేరు తప్పు, ఖాతా ఒక్కడిదే, ఏ కాగితం ఎక్కడుందో ఆమెకు తెలియదు. పింఛను మొదలవడానికి ఏడాది దాటింది. ఆ ఏడాదంతా ఆమె కొడుకు ముందు చెయ్యి చాచింది. మందులకు డబ్బులు అడగలేక రోజు విడిచి రోజు వేసుకుంది. ఆ కొడుకు చెడ్డవాడని కూడా నేను అనను, కానీ అడగడమే ఆమెకు చావులా ఉండేది. ఆయన మీద ఆమెకు ఎంత ప్రేమ ఉందో అంత కోపమూ ఉంది. ఆ కోపం బయటికి చెప్పుకోలేదు, చనిపోయిన మంచివాడి మీద కోపపడితే లోకం ఊరుకుంటుందా? నన్నడిగితే భర్త ప్రేమ కొలవాలంటే ముందు ఆయన పెట్టె తెరిచి చూడాలి. కటువుగా అనిపిస్తే అనిపించనివ్వండి.

కొందరు మగవాళ్లు భార్యకు చెప్పకపోవడాన్ని కూడా ప్రేమ అనుకుంటారు. “ఆమెకెందుకు ఈ తలనొప్పులు, నేనున్న గదా.” ఉన్నన్నాళ్లు సరే.

మా నాయినది అంతా పూలబాటే అన్నట్టు రాస్తే అది కూడా ఫ్లెక్సీ రాతే అవుతుంది. ఆయనకు కోపం జాస్తి. అక్క పదో తరగతి తర్వాత చదువుతానంటే “సాలు” అన్నాడు, అమ్మ రెండు రోజులు అన్నం ముట్టకపోతే గానీ ఒప్పుకోలేదు. నా డిగ్రీ అక్క గెలిచిన ఆ కొట్లాట మీద నిలబడ్డదే. ఆ కొట్లాట కూడా దినాల నాడు ఎవరికీ గుర్తు రాలేదు. “ఆడపిల్లలను సదివిపిచ్చిండు” అని నాయిన ఖాతాలోనే వేశారు.

ఈ మధ్య మా దగ్గరి తండా పిల్ల ఒకామెకు రైల్వేలో ట్రాక్ మెయింటెయినర్ కొలువు వచ్చింది. ఇప్పుడు ఈ పనిలో ఆడవాళ్లు కూడా ఉన్నారు. నాయిన బతికుండగానే ఆమె వచ్చి కాళ్లకు మొక్కింది. ఆయన ముఖం వెలిగిపోయింది. రైలు వస్తోందని ముందే మోగే రక్షక్ అనే యంత్రం ఇస్తున్నారని, గస్తీ తిరిగేవాళ్లకు జీపీఎస్ ఉంటుందని ఆమె చెప్తుంటే చిన్నపిల్లాడిలా విన్నాడు. ఆమె పోయాక అమ్మ అడిగింది: “ఆ పిల్ల రాత్రి డ్యూటీ చేసొస్తే పగలు పండుకోవాలె గదా. పోరగాండ్లను సప్పుడు చెయ్యొద్దని ఎవలు ఆపుతరు? ఆమె మొగడు గిన్నెలు మెల్లగ తోముతడా?” నాయిన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను ఎన్నో పుస్తకాలు చదివాను, ఆడవాళ్ల ఉద్యోగాల మీద ఇంతకంటే సూటి ప్రశ్న ఎక్కడా చదవలేదు. ఆ పిల్ల ముప్ఫై ఏండ్లు పట్టా మీద నడిచి రిటైరైతే ‘కుటుంబం కోసమే బతికింది’ అంటారా, లేక ‘ఇంట్ల ఎన్నడు ఉన్నది’ అంటారా? మీకు తెలుసు ఏమంటారో.

2024 సెప్టెంబర్ 1 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రాత్రంతా కుండపోత. ఇంటికన్నె, కేసముద్రం మధ్య వరద పట్టా కింది కంకరను, మట్టిని ఊడ్చుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడుతున్న ఫొటోలు అందరి ఫోన్లలో తిరిగాయి. రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, స్టేషన్లలో చిక్కుకున్నవాళ్లకు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తిండి పెట్టారు. అమ్మవాళ్ల ఇల్లు మా వీధి చివరే. నేను గొడుగు వేసుకుని పోయి నాయినకు ఫోన్‌లో ఫొటో చూపించాను. అది ఆయన నడిచిన దిక్కే. అందరూ ఏ రైలు ఆగింది, ఎప్పుడు పోతది అని అడుగుతున్నారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఫొటోను చాలాసేపు చూసి “రాత్రి బీటు మీద ఎవలుండెనో” అన్నాడు. ఆ తర్వాత “వాని భార్య పండుకోలేదు” అన్నాడు.

ఆ ఒక్కమాట అమ్మ వంటింట్లోంచి విన్నది. అరవై ఏండ్లకు దగ్గరపడ్డ కాపురంలో ఆమె వానరాత్రుల సంగతి ఆయనకు తెలుసునని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆమె ఏమీ అనలేదు. చాయ్ తెచ్చి ఆయన ముందు పెట్టి అక్కడే కూర్చుంది, మామూలుగా కూర్చోదు.

నాయిన పోయిన మూడో వారం రేకు పెట్టె తీశాం. పింఛను పుస్తకం, ఇద్దరూ కూర్చుని దిగిన ఫొటో, ఉమీద్ కార్డు, బ్యాంకు పుస్తకం, అన్నీ ఒక గుడ్డసంచిలో. పైన ఒక చీటీ, ఏ కాగితం ముందు ఇవ్వాలో వరుసగా అంకెలు వేసి ఉంది. అమ్మకు చదవడం రాదని, ప్రతి కాగితం మూలకు అదే అంకె ఎర్రసిరాతో రాశాడు. తమ్ముడు తాను పోయి ఇచ్చొస్తానన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. “తొవ్వ నాకెరుకే” అని చెప్పులేసుకుంది. కుటుంబ పింఛను రెండో నెలలోనే పడింది. నవంబర్‌లో బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలంటే ఫోన్ ముందు ముఖం చూపించింది, కొంగు సర్దుకుని, ఫొటో దిగుతున్నట్టు.

ఇక విడో పాస్ ఒకటి వస్తుంది. నాయిన ఉన్నప్పుడు పాస్ మీద ఎక్కడికి పోవాలో ఆయనే చెప్పేవాడు, ఎక్కువగా తిరుపతి. ఈసారి ఎక్కడికి పోతావే అని అడిగితే అమ్మ వారం రోజులుగా ఆలోచిస్తూనే ఉంది. నిన్న సాయంత్రం వచ్చి, రైలు దిగితే సముద్రం కనపడే ఊరు ఏదన్నా ఉందా అని అడిగింది.